కుప్పమ్మాళ్ కట్టిన చరణం

ధనం జుట్టులో దూది అంటిస్తున్నారు. ఎవరో మేకప్ పిల్ల, మధురై నుంచి వచ్చిందట, వేలి కొసతో గమ్ము అద్ది చిన్న చిన్న పింజలు ఒక్కొక్కటే పెడుతోంది. స్పిన్నింగ్ మిల్లులో పనిచేసే ఆడదంటే తల మీద దూది ఉండాలి గదా, ఉండాలి, ఉండేది, పెళ్ళయిన ఏడాది నుంచి మొన్న మొన్న రిటైరయ్యేదాకా ఉండేది, షిఫ్టు దిగి గేటు దాటే ముందు ఒకరి తల ఒకరు పేలు చూసినట్టు చూసుకుని, కొంగుతో దులుపుకుని, ముక్కులో, చెవిలో, కనురెప్పల మీద ఎక్కడెక్కడ దాక్కుందో వెతికి తీసేసి, మనుషుల్లా ఇంటికి వెళ్ళడానికి పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఇప్పుడు ఈ పిల్ల ఏసీ గదిలో కూర్చోబెట్టి దాన్నే తిరిగి అంటిస్తూ "కదలకండి పాట్టీ" అంటోంది. పాట్టీ అట, అవ్వన్నమాట. ధనం కదలలేదు. అద్దంలో తనను తాను చూసుకుంటే నవ్వొచ్చింది. మిల్లులో జతగా పనిచేసిన కుప్పమ్మాళ్ చూసి ఉంటే పడి పడి నవ్వేది, నవ్వి నవ్వి దగ్గేది, దగ్గి దగ్గి గోడకు ఆనుకుని కూర్చుని మళ్ళీ నవ్వేది. కుప్పమ్మాళ్ లేదు. పోయిన ఏడాది ఆడి నెలలో, ఆషాఢంలో పోయింది. బయట హాల్లో కుర్చీలు లాగుతున్నారు, మైకులో ఎవరో దయచేసి సెల్‌ఫోన్లు ఆపమని బతిమాలుతున్నారు, ఊరంతా వచ్చినట్టుంది.

ఈ పాటల నాటకం నివేదిత పని. మిల్లు యజమాని, అందరూ ముదలాళి అనే వేంకటసుబ్రహ్మణ్యకు తమ్ముడి కూతురు నివేదిత, చెన్నైలో నాటకాల చదువు చదివింది, చదువుకు తగ్గట్టు జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మనసు మాత్రం మంచిదే, ఆ మాట ధనం ఈ పూట కూడా కాదనదు. మొన్నటి వేసవిలో ధనం ఇంటి అరుగు మీద చాప వేసుకుని కూర్చుని, పాత మిల్లు ఆడవాళ్ళందరినీ పోగేసి, ఏ సినిమాకు వెళ్ళేవాళ్ళు, ఏ పాటకు ఏడ్చేవాళ్ళు, ఏ పాట వస్తే చేతిలో పని ఆగిపోయేది అని అడిగి అడిగి ఫోనులో ఎక్కించుకుంది. టీ కొట్ల రేడియోల్లో మోగి మోగి ఈ ఊరి గోడలకు కూడా నోటికొచ్చేసిన పాత తమిళ సినిమా పాటలు ఏరి, వాటి మధ్య ధనం కథ, కుప్పమ్మాళ్ కథ, వాళ్ళతో పనిచేసిన తమిళామె పొన్నుత్తాయి కథ కలిపి ఒకే ఆడదాని బతుకుగా అల్లింది. వయసులో ఉన్నప్పటి ఆడదిగా కాలేజీ పిల్ల భార్గవి పాడుతుంది, ఆడుతుంది. ముసలిదైన ఆడదిగా ఆఖరి పాటకు ధనం వస్తుంది. అంతదాకా ఈ దూది పెట్టుకుని వేదిక పక్క తెర చాటున స్టూలు మీద కూర్చోవాలి, అంతే పని.

వచ్చి కూర్చుంది. వేదిక మీద నూలు వడికే నిజం రింగ్ ఫ్రేమే పెట్టారు, పాత షెడ్డులోంచి పీకి తెచ్చి, ఆకుపచ్చ రంగు వేసి, దాని మీద నీలం లైటు కొట్టి. కదుళ్ళు తిరుగుతున్నాయి కూడా. చప్పుడు మాత్రం స్పీకరులోంచి వస్తోంది, మెల్లగా, చంటిపిల్లను జోకొడుతున్నట్టు, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళ చెవులకు నొప్పి కలగకూడదని భరత్ తగ్గించి పెట్టాడు. భరత్ అంటే సౌండు చూసుకునే అబ్బాయి. ఇంత మర్యాదస్తురాలైన మిషన్ను ధనం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. భార్గవి దాని ముందు నిలబడి మొదటి పాట అందుకుంది, బాగా పాడుతుంది, తేనె లాంటి గొంతు, అయితే ఆ పిల్ల చేతులు చూడండి, తెగిన నూలును వధువు మెళ్ళో పూలదండ సర్దినట్టు సర్దుతోంది. జనం చప్పట్లు కొట్టారు. కొట్టనీ. షెడ్డు లోపలికి అడుగు పెడితే ఎలా ఉండేదో వీళ్ళకెలా తెలుస్తుంది, తెలియకపోవడం వాళ్ళ తప్పూ కాదు. తలుపు తీయగానే చెవులు పని మానుకునేవి. పక్కన నిలబడి అరిచినా వినబడదు, చావుబతుకుల మాటైనా సరే చేత్తో, పెదవులతో చెప్పాల్సిందే. కొత్తగా చేరిన పిల్లలకు పెదవులు చదవడం నెల తిరక్కుండా వచ్చేసేది, రాకపోతే ఏ వేలో పోగొట్టుకునేవాళ్ళు. ఆ చప్పుట్లో అందరూ పాడేవాళ్ళు. గొంతు చించుకుని పాడేవాళ్ళు. ఎవరు పాడేదీ ఎవరికీ వినిపించదు, ఆ మాటకొస్తే తను పాడేది తనకే వినిపించదు, గొంతులో అదురు తెలుస్తుంది, ఛాతీలో తెలుస్తుంది, అంతే. ఎదుటి ఫ్రేము ఆడదాని పెదవులు చూసి ఏ పాటో పోల్చుకుని తానూ అదే అందుకోవడం, ఆవిడ పెదవులు చూసి ఆ పక్క ఫ్రేమామె అందుకోవడం, ఒక్క పాట షెడ్డు ఆ కొస నుంచి ఈ కొసకు శబ్దం లేకుండా నడిచి వెళ్ళేది.

ధనానికి ఎదురు ఫ్రేము కుప్పమ్మాళ్ది. సేత్తూరు నుంచి తొలి బస్సుకు వచ్చేది, ఎండిన చేపలా ఉండేది మనిషి, నోరు మాత్రం ఇంత. ఒకనాడు వేలు తెగింది. రక్తం కారుతున్న చెయ్యి పట్టుకుని ఇద్దరూ మందుల పెట్టె దగ్గరికి పరుగెత్తితే పెట్టెలో ఖాళీ సీసా ఒకటి, కత్తెర ఒకటి ఉన్నాయి, గుడ్డ లేదు. గోడకు అవతల షెడ్డులో బేళ్ళకు బేళ్ళు బాండేజీ గుడ్డ నేస్తున్నారు, ఎక్కడెక్కడి ఆసుపత్రులకో లారీలెక్కుతోంది. కుప్పమ్మాళ్ నేల మీద పడిన దూది వేస్టు ఏరి వేలికి చుట్టుకుని వచ్చి తన ఫ్రేము దగ్గర నిలబడింది. కాసేపటికి ధనం తలెత్తి చూస్తే ఆమె పెదవులు ఆడుతున్నాయి, అందరికీ తెలిసిన పాటే, పల్లవి అదే, చరణం దగ్గరికొచ్చేసరికి మాటలు మారిపోయాయి, ఆ పాత వరసకు ఇమడని మాటలు. తమిళం కాదు. ఇంట్లో మాట్లాడుకునే తెలుగు. సూపర్‌వైజర్ తిరునెల్వేలివాడు, తమిళంలో తిడితే పెదవుల మీదే పట్టేస్తాడు, తెలుగైతే వాడికి పక్షుల భాష. ఆ పూట షిఫ్టు దిగేలోగా తెలుగు ఆడవాళ్ళందరి పెదవుల మీదా అదే చరణం, వాళ్ళను చూసి అర్థం తెలియకుండానే పొన్నుత్తాయి పెదవుల మీద కూడా. అది మొదలు రోజూ. ఎన్నేళ్ళు పాడారో, ఎంతమంది పాడారో, ఒక్క చెవి కూడా ఆ చరణాన్ని వినలేదు. కట్టినామె చెవి కూడా వినలేదు.

బయట పాడొచ్చు గదా అని నివేదిత అడిగింది అరుగు మీద కూర్చున్నప్పుడు. ధనం కూడా ఒకప్పుడు కుప్పమ్మాళ్‌ను అడిగింది, గేటు బయట, షేర్ ఆటో కోసం నిలబడి. "బయట పాడితే అది మాటయిపోతాది ధనం. మాటకు సాక్షి ఉంటాది. లోపల సత్తం ఉండాది గదా, అదే మనకు దేవుడు" అంది కుప్పమ్మాళ్. సత్తమంటే మిషన్ల చప్పుడు. తెలివి అంటే అది. ముదలాళికి తెలుగొచ్చు, ముదలాళి ఇంట్లో తెలుగే, ఎవరైనా పోయి చెప్పారంటే పని పోతుంది, కుప్పమ్మాళ్ ఇద్దరు ఆడపిల్లల తల్లి. రిటైరయ్యాక పాడదాం అనుకున్నారు. అప్పటికి దూది ఆమె ఊపిరితిత్తుల్లో గూడు కట్టేసింది. మాట రెండు ముక్కలై వచ్చేది, తరువాత గాలిగా వచ్చేది, తరువాత రాలేదు. ఆఖరున ధనం సేత్తూరు వెళ్ళింది చూడ్డానికి. మంచం మీద కుప్పమ్మాళ్ పెదవులు కదిపింది, చరణం, మొదటి నుంచి చివరి దాకా, కళ్ళలో ఆ పాత కొంటెతనంతో. ధనం కూడా పెదవులు కదిపింది. ఇద్దరూ అలా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఆ నిశ్శబ్దమైన గదిలో, ఫ్యాను కూడా తిరగని గదిలో, శబ్దం లేకుండా పాడుకున్నారు, నవ్వుకున్నారు, చాలాసేపు. తిరుగు బస్సు చోళపురం దాటాక గుండెలో గుద్దినట్టు తట్టింది. ఇంట్లో మిషనెక్కడుంది? నోరు విప్పి పాడితే వినబడేది గదా! కుప్పమ్మాళ్‌కు గొంతు లేదు సరే, చెవులున్నాయే, తనకు గొంతుందే! ఇద్దరిలో ఒక్కరికైనా తోచలేదు. చెవులు ఉన్న సంగతే మరిచిపోయేటట్టు చేశారు ఆ షెడ్డులో, ఇంత అలవాటు చేసి వదిలారు. దిగి వెనక్కి వెళదామనుకుంది, చీకటి పడుతోంది, వారంలో మళ్ళీ వద్దాం అనుకుంది. వారం దాకా కుప్పమ్మాళ్ ఉండలేదు. అప్పుడు ఏడుపు రాలేదు ధనానికి, ఒళ్ళు మండింది, ఇప్పటికీ తలుచుకుంటే మండుతూనే ఉంది.

అందుకే నివేదితకు మాటలు చెప్పింది గాని పాడి వినిపించలేదు. "రిహార్సల్‌లో పాత మాటలే పాడతా పాపా. మా కుప్పమ్మాళ్‌ది అంత మంది ముందర, ఆ రోజే పాడతా. అది మొదటితూరి ఎవరన్నా వినేది అప్పుడే" అంటే ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది, ధనం రెండు చేతులూ పట్టుకుంది. ఆ పిల్లే మూడు రోజుల కిందట వచ్చి, ఈసారి చాప మీద కూర్చోకుండా నిలబడే, చెప్పులు విప్పకుండానే, "ధనం అక్కా, టైము ఎక్కువయిపోతాంది. ఆ చరణం వద్దక్కా. ఆఖరి పాటకు పాత రికార్డే వేస్తాము. మీరు ఊరికే పెదవులు ఆడించండి, పోదుం, అది చాలు" అంది.

"ఎందుకు పాపా? నా గొంతు బాగలేదా?"

"అది కాదక్కా… మీకు శ్రమ కదా. అందరూ కూడి చేసిన తీర్మానం ఇది. నన్నేమీ అడగవద్దండి."

టైమట. ఒక చరణానికి ఎంత టైము పడుతుంది, కాఫీ ఆర్చుకునేంత సేపు పట్టదు. సరే, పిల్లకు ఏదో ఇబ్బంది ఉందిలే, గొంతు నిజంగానే బొంగురుపోయిందిలే, పాత రికార్డులో పాడినావిడది అమృతం లాంటి గొంతు, జనం అదే వినాలనుకుంటారు గదా అని ధనం తనకు తాను సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడంలో ఆడవాళ్ళను మించినవాళ్ళు లేరు. ఇప్పుడు భార్గవి పెళ్ళి పాట పాడుతోంది, మొగుడు వేషం కట్టిన అబ్బాయి సైకిలు తొక్కుతున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు, ధనం తెర సందులోంచి హాలు వైపు చూసింది. ఊరికే చూసింది, కూతురు జెయంతి ఎక్కడ కూర్చుందోనని. వెనక వరసల్లో మిల్లు ఆడవాళ్ళంతా ఒక్కచోట చేరారు, పొన్నుత్తాయి తెల్లజుట్టులో ఇంత పెద్ద మల్లెదండ. కళ్ళు ముందు వరసకు వచ్చాయి. వేంకటసుబ్రహ్మణ్య పక్కకు వంగి భార్యతో మాట్లాడుతున్నాడు. పాటల హోరులో ఏమీ వినపడదు. ధనానికి వినపడాల్సిన పనేముంది, ఆయన పెదవుల మీద వేదిక లైటు పడుతోంది.

"ఆ ముసిలిదానికి మైకు పెట్టొద్దని చెప్పినా. పెట్టితే అది మానదు, పాడేస్తాది. నా మిల్లులో కూలి తినేసి, నా మేడ మీదే నన్ను తిట్టేదా?" అన్నాయి ఆ పెదవులు. మేడంటే స్టేజీ. పక్కన భార్య పెదవులు, "ముసిలివాళ్ళు, పోనీండి" అన్నాయి. ఆయన మళ్ళీ "ఒక చరణం కదా అని వదిలితే రేపు ఊరంతా పాడతారు" అన్నాడు. అని, భార్గవి వైపు చూసి చిరునవ్వు నవ్వి, చప్పట్లు కొట్టాడు.

ధనం తెర వదిలేసి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఓహో. అదీ సంగతి. నివేదిత రాసుకున్న మాటలు ఈయన కంట పడ్డాయన్నమాట. టైము కాదు, గొంతు కాదు, భయం. ఊరికి ముదలాళి, ఒక దుమ్ము తిన్న ఆడది చచ్చిపోయి ఏడాదయ్యాక కూడా ఆమె నాలుగు ముక్కలకు భయపడుతున్నాడు. కుప్పమ్మాళ్, విన్నావా? వినలేదు, నువ్వెప్పుడు విన్నావు గనక. ధనానికి లోపలి నుంచి కోపంతో పాటు గర్వం లాంటిది పొంగుకొచ్చింది, కూర్చోలేకపోయింది, లేచి నిలబడింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది. కూలి తిన్నామా? నిలబడి, నిలబడి, మడమలు పగిలేదాకా నడిచి తీసుకున్నాం. ఊరికే పెట్టాడా ఆయన? పొద్దున జెయంతి క్యారియర్ కడుతూ అన్న మాట గుర్తొచ్చింది. జెయంతి ఇదే మిల్లులో బాండేజీ గుడ్డ కోసే చోట పనిచేస్తోంది, అందుకే ధనం మూడు రోజులుగా నోరు మూసుకుంది, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. "ఏమ్మా, నువ్వు పాడితే నన్ను పని తీసేస్తారని చూస్తాండావా?" అనింది అది. "చూడొద్దా?" అంటే, మూత గట్టిగా బిగించి, "గుడ్డ కోసేదానికి ఈ ఊర్లో ఒక మిల్లే ఉండాదా? నా పేరు సాకు పెట్టి నువ్వు నోరు మూసుకుంటే, నేనే రానమ్మా సాయంత్రం" అనింది. వచ్చింది. వచ్చి ఎక్కడో కూర్చుంది. దాని నోరు ఎవరిదో, తన కడుపున పుట్టి కుప్పమ్మాళ్ నోరు తెచ్చుకుంది.

భరత్ వచ్చాడు, అందరితో పాటు అలవాటుగా పైట దగ్గర బిగించిన చిన్న మైకు విప్పుతూ మొహం చూడలేకపోయాడు. "మీకు వద్దన్నారు పెద్దమ్మా. ట్రాక్ వేస్తాము" అన్నాడు. "తీసుకో నాయనా, నీ తప్పేముంది" అంది ధనం. నివేదిత చీకట్లో ఓ మూల నిలబడి గోళ్ళు కొరుకుతోంది, దగ్గరికి వచ్చి "అక్కా, పాట అయినాక లైట్లు ఆరిపోతాయి, ఎడం పక్క నుంచి లోపలికి వచ్చేయండి, మెట్టు ఉండాది, జాగ్రత్త" అని మాత్రం చెప్పింది. వస్తాలే పాపా, నువ్వు కంగారుపడకు. పెదవులు అడిగారు, ఇద్దాం. పెదవులు మాకు కొత్తా. రికార్డు తిరుగుతుంటే దొంగచాటుగా కుప్పమ్మాళ్ మాటలు పెదవుల మీద ఆడించడం ధనానికి చిటికెలో పని, వెనక వరసలవాళ్ళంతా పట్టేస్తారు, కడుపు పట్టుకుని నవ్వుతారు, ముందు వరసకు మాత్రం తెలియదు. ఒక్క క్షణం ఆశ పుట్టింది కూడా. ఛీ, ఇంకా దొంగచాటేనా? రిటైరై, ముసలిదై, జుట్టులో గమ్ముతో దూది పెట్టించుకుని కూడా చాటేనా? ఆ పని షెడ్డులో బతుకంతా చేశాం, సేత్తూరులో మంచం పక్కన కూర్చుని కూడా చేశాం, ఇక చాలు.

వెళ్ళింది. లైటు మొహం మీద పడింది. రికార్డు మొదలైంది, పాత వయొలిన్లు, తరువాత ఆ అమృతం లాంటి గొంతు, ధనం పెదవులు దానికి అక్షరం తప్పకుండా ఆడాయి, పల్లవికి, చరణానికి, సినిమాలో ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట అటూ ఇటూ కాలేదు. వేంకటసుబ్రహ్మణ్య భుజాలు సడలడం కనిపించింది. వెనక పొన్నుత్తాయి మొహం చిన్నబోవడం కూడా కనిపించింది, పెదవులు "ఏమి ధనం, ఇంతేనా" అన్నాయి. పాట అయిపోయింది. లైట్లన్నీ ఆరిపోయాయి. చప్పట్లు వానలా పడి, వెలిసి, హాలంతా చీకట్లో దగ్గులు, కుర్చీల కిర్రులు. ఎడం పక్క మెట్టు దగ్గర నివేదిత గుసగుసగా "అక్కా, రండి" అంటోంది. ధనం కదలలేదు. ఈ చీకట్లో పెదవులు ఎవరికీ కనిపించవు. మంచిది. ఊపిరి తీసుకుంది, మిషన్ల చప్పుడుకు ఎదురుగా పాడినప్పుడు తీసుకునేంత.

"నూలు తెగితే మేము కట్టినాము సామీ,
మా నడుము తెగితే ఎవురు కట్టేది?
ఊరి పుండుకంతా గుడ్డ నేసినాము,
మా చేతి పుండుకు గుడ్డ యాడుండాది?"

గొంతు బొంగురుగానే వచ్చింది, రెండో మాట దగ్గర చీలింది, అయినా హాలు ఆ చివరి గోడ దాకా వెళ్ళి తగిలి తిరిగి వచ్చింది. తిరిగి వచ్చింది ధనం చెవిలో పడింది. అంటే ఇదా! ఇలా ఉంటుందా కుప్పమ్మాళ్, నువ్వు కట్టింది? నవ్వుకుంటూ కట్టావు, నవ్వుకుంటూ పాడాం, వింటే ఏడుపు పాటే ఇది! ధనం కళ్ళ నుంచి నీళ్ళు కారిపోయాయి, తుడుచుకోలేదు. అప్పుడు వెనక వరసల్లోంచి పొన్నుత్తాయి గొంతు లేచింది, అర్థం తెలియని తెలుగులో, తరువాత ఇంకొకరిది, ఇంకొకరిది, ఇరవైమందో ముప్పైమందో. మాటలన్నీ ఒకటే. రాగం మాత్రం ఎవరిది వాళ్ళదే! ఒకరు పైకెత్తుతున్నారు, ఒకరు సాగదీస్తున్నారు, ఒకరు జోలపాటలా, ఒకరు చావింటి ఒప్పారిలా, ఏళ్ళ తరబడి ఎదురెదురుగా నిలబడి పాడినా ఒకరి వరస ఒకరు ఎప్పుడూ విన్నది లేదు గదా. అంతా కలిసి ఒకటే రొద. "లైట్లు వేయండిరా!" అని ముందు వరసలో ఎవరో అరిచారు. లైట్లు వెలిగాయి. వేంకటసుబ్రహ్మణ్య నిలబడి ఉన్నాడు, ఆయన పెదవులు ఏదో అంటున్నాయి, ధనం వాటిని చదవలేదు. ఆయన తల మీదుగా వెనక్కి చూసింది, చెయ్యి పైకెత్తింది.

"ఏమే, తలా ఒక పక్క లాగుతాండారు! నన్ను వినండి. వినేసి, అప్పురం పాడండి," అని గట్టిగా అరిచి, మొదటి మాట నుంచి మళ్ళీ అందుకుంది.